గుండెజబ్బులో పేగు బ్యాక్టీరియా: నిందితులా, సాక్షులా?

ఉడికించిన కోడిగుడ్లు రెండు తింటే, కొన్ని గంటల్లో రక్తంలో టీఎంఏఓ అనే ఒక చిన్న పదార్థం పెరుగుతుంది. దాని పూర్తి పేరు ట్రైమిథైలమీన్ ఎన్-ఆక్సైడ్. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులకు గుడ్లు పెట్టి ఈ సంగతిని కొలిచారు. తర్వాత వాళ్లలో కొందరికి వారం పాటు రెండు రకాల యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ గుడ్లు పెట్టారు. ఈసారి టీఎంఏఓ దాదాపు కనిపించలేదు. మందులు ఆపి కొన్ని వారాలు గడిచాక మరోసారి పెడితే మళ్లీ వచ్చింది. గుడ్డు మారలేదు, తిన్న మనిషీ మారలేదు. మారింది ఆ మనిషి పేగుల్లోని బ్యాక్టీరియా.

2013లో వెలువడిన ఈ ప్రయోగమంత సూటిగా ఉండేవి వైద్యశాస్త్రంలో అరుదు. మనం తిన్నదాన్ని మనతోపాటు ఇంకెవరో కూడా తింటున్నారనీ, వాళ్లు తయారుచేసింది మన రక్తంలో కలుస్తోందనీ అది సందేహానికి తావు లేకుండా చూపించింది. కానీ అక్కడి నుంచి ‘గుండెపోటుకు పేగు బ్యాక్టీరియాయే కారణం’ అనే తీర్పు వరకు చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని వార్తలు ఒక్క శీర్షికతో దాటేస్తున్నాయి. మంచి బ్యాక్టీరియా ఉన్నాయంటూ ప్రోబయాటిక్ పొడులు, మలపరీక్ష కిట్లు అమ్మేవాళ్లు అంతకంటే తొందరగా దాటేస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం మనదేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇన్ని ఇళ్లలో ఉన్న భయం చిన్నది కాదు. ఆ భయానికి సగం తెలిసిన విషయాన్ని మందుగా అమ్మడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే ఇందులో ఏది రుజువైంది, ఏది కాలేదు అనేది విడదీసి చూడాలి.

కోర్టులో కేసు నడిచినట్టే ఇక్కడా నడవాలి. నేరం జరిగిన చోట కనిపించిన ప్రతివాడూ నేరస్థుడు కాడు. కొందరు కేవలం సాక్షులు, మరికొందరు నేరం జరిగిపోయాక అక్కడికి చేరినవాళ్లు. పేగు బ్యాక్టీరియా మీద వచ్చిన ప్రతి పరిశోధననూ ఈ ఒక్క ప్రశ్నతోనే పరీక్షించాలి.

వాళ్లు ఎవరు, ఏం చేస్తారు

మన శరీరంలో మన కణాల కంటే బ్యాక్టీరియా పదిరెట్లు ఎక్కువ అని చాలాచోట్ల చదివి ఉంటారు. ఆ లెక్క 1970లలో వేసిన ఒక ఉజ్జాయింపు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కగట్టారు. సగటు మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే దాదాపు సరిసమానం. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు సుమారు 200 గ్రాములే. దాదాపు అంతా పెద్దపేగులోనే ఉంటుంది.

సంఖ్య కంటే ముఖ్యమైనది వాటి పని. అన్నంలోని పిండి పదార్థంలో అధిక భాగం, నూనె, మాంసకృత్తులు చిన్నపేగులోనే జీర్ణమై రక్తంలోకి వెళ్లిపోతాయి. పీచు అలా జీర్ణం కాదు. దాన్ని విడగొట్టే ఎంజైములు మన దగ్గర లేవు. అది పెద్దపేగు దాకా చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో బ్యుటిరేట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దాని నుంచే వస్తుంది. ఈ ఆమ్లాలు పేగులోని కొన్ని కణాలను తాకినప్పుడు జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలిని తగ్గిస్తుంది. మధుమేహానికీ స్థూలకాయానికీ ఇప్పుడు ఎంతో పేరు తెచ్చుకున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు అనుకరించేది ఈ హార్మోనునే. అయితే పీచు తింటే వెలువడే హార్మోను పరిమాణం, ఆ ఇంజెక్షన్ ఇచ్చే బలం ఒకటి కావు. ఈ తేడాను దాచిపెట్టి చెప్పే వీడియోలను నమ్మవద్దు.

పీచు అందకపోతే బ్యాక్టీరియా ఊరుకోవు. కొన్ని రకాలు పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయి. ఆ పొర పలచబడితే లోపలి పదార్థాలు రక్తంలోకి చేరడం తేలికవుతుంది. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థం ఎక్కువ మోతాదులో రక్తంలోకి వస్తే ప్రాణాంతకమైన సెప్సిస్ వస్తుంది. అతి తక్కువ మోతాదులో, రోజూ, నెలల తరబడి చేరితే? 2007లో పాట్రిస్ కానీ (Cani) అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలకు నాలుగు వారాలు కొవ్వు ఎక్కువున్న ఆహారం పెట్టింది. వాటి రక్తంలో ఎల్‌పీఎస్ రెండు మూడు రెట్లు పెరిగింది. ఆహారం మార్చకుండా ఎల్‌పీఎస్‌ను మాత్రమే అదే స్థాయిలో ఎక్కిస్తే కూడా ఎలుకలు బరువు పెరిగాయి, వాటిలో ఇన్సులిన్ పనితీరు మందగించింది. పైకి జ్వరం రాదు, నొప్పి ఉండదు. లోపల మాత్రం సన్నటి వాపు ప్రక్రియ ఆగకుండా సాగుతుంది. మధుమేహానికీ ధమనుల్లో కొవ్వు గడ్డకట్టడానికీ ఈ వాపు ప్రక్రియ ఉమ్మడి మూలం కనుక, పేగుకూ గుండెకూ మధ్య బలమైన దారి ఇదేనని నేను అనుకుంటాను.

స్థూలకాయం కేసు

ఈ రంగానికి ఊపిరి పోసింది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ ప్రయోగశాల. అక్కడ బ్యాక్టీరియా అసలే లేకుండా పెంచిన ఎలుకలు ఉంటాయి. 2004లో వాటిలోకి మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఎక్కించారు. రెండు వారాల్లో వాటి శరీరంలో కొవ్వు దాదాపు 60 శాతం పెరిగింది. ముందుకంటే తక్కువ తింటూ కూడా అంత కొవ్వు చేరింది. 2013లో అదే ప్రయోగశాల ఇంకో అడుగు ముందుకు వేసింది. కవలల్లో ఒకరు లావుగా, మరొకరు సన్నగా ఉన్న నాలుగు జంటలను ఎంచుకుని, వాళ్ల పేగు బ్యాక్టీరియాను ఎలుకల్లోకి మార్చింది. లావుగా ఉన్నవారి బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలకు కొవ్వు ఎక్కువగా పట్టింది.

ఈ ప్రయోగంలో సగమే వార్తల్లోకి వచ్చింది. రెండు రకాల ఎలుకలనూ ఒకే బోనులో ఉంచినప్పుడు ఏమైందన్నది రెండో సగం. ఎలుకలకు ఒకదాని పెంటికలు ఒకటి తినే అలవాటుంది కనుక బ్యాక్టీరియా అటూ ఇటూ మారాయి. సన్నటి కవల బ్యాక్టీరియా రెండో ఎలుకలోకి చేరి, దానికి కొవ్వు పట్టకుండా ఆపాయి. కానీ కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న ఆహారం పెట్టినప్పుడే అలా జరిగింది. సంతృప్త కొవ్వు ఎక్కువ, పళ్లూ కూరగాయలూ తక్కువ ఉన్న ఆహారం పెట్టినప్పుడు ఆ మంచి బ్యాక్టీరియా నిలదొక్కుకోలేకపోయాయి. బ్యాక్టీరియాను తెచ్చి వేస్తే సరిపోదు, వాటికి తిండి ఉండాలి. ఈ విషయంపై వచ్చిన పరిశోధనలన్నిటిలో రోజువారీ జీవితానికి ఎక్కువగా పనికొచ్చేది నా దృష్టిలో ఇదే.

ఎలుకల సంగతి సరే, మనుషులకు అదే పని చేస్తే? చేసి చూశారు. న్యూజిలాండ్‌లో స్థూలకాయం ఉన్న 87 మంది కౌమారవయస్కులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియాను గుళికలుగా మింగించారు. బరువు తగ్గలేదు. ‘ఫర్మిక్యూట్స్’ అనే వర్గం ఎక్కువై ‘బ్యాక్టీరాయిడీట్స్’ అనే వర్గం తక్కువైతే లావవుతారనే సూత్రం ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. 2016లో పది అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూస్తే ఆ సంబంధం చాలా బలహీనమని తేలింది. ఇప్పటికీ ఆ నిష్పత్తిని లెక్కించి రిపోర్టులో రాసి ఇచ్చే కంపెనీలున్నాయి.

2020లోనే మరో సమీక్ష ఈ రంగాన్ని గట్టిగా నిలదీసింది. మనిషి బ్యాక్టీరియాను ఎలుకలోకి ఎక్కించి జబ్బు కూడా బదిలీ అవుతుందా అని చూసిన 38 అధ్యయనాలను అది పరిశీలించింది. వాటిలో 36, అంటే 95 శాతం, జబ్బు బదిలీ అయిందనే చెప్పాయి. ఇన్ని రకాల జబ్బులు ఇంత కచ్చితంగా బదిలీ కావడం నమ్మదగ్గ విషయం కాదని సమీక్షకులు అన్నారు. మనిషి పేగుల్లోని చాలా జాతులు ఎలుక పేగుల్లో బతకనే బతకవు. ఎలుక చెప్పింది సాక్ష్యమే, కానీ అది ఒక్కటే తీర్పుకు చాలదు.

మధుమేహం కేసులో మెట్‌ఫార్మిన్

2012లో చైనా నుంచి, 2013లో స్వీడన్ నుంచి రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియా, లేనివాళ్లకంటే వేరుగా ఉందని రెండూ చెప్పాయి. అయితే ఏయే జాతులు పెరిగాయి, ఏవి తగ్గాయి అన్నదాంట్లో రెండింటికీ పొంతన కుదరలేదు. రోగుల్లో చాలామంది చక్కెరను తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటున్నారు. మరి ఆ తేడా జబ్బు వల్లా, మందు వల్లా?

డెన్మార్క్, స్వీడన్, చైనాలకు చెందిన 784 మంది సమాచారాన్ని కలిపి 2015లో ఒక అంతర్జాతీయ బృందం ఈ ముడి విప్పింది. మధుమేహం గుర్తులుగా అంతవరకు అనుకున్నవాటిలో కొన్ని నిజానికి మెట్‌ఫార్మిన్ గుర్తులు. మందు వాడనివాళ్లను వేరుచేసి చూస్తే మిగిలింది ఒక చిన్న తేడా. బ్యుటిరేట్ తయారుచేసే జాతులు వాళ్లలో తక్కువగా ఉన్నాయి. మందును లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల ఎంత పొరపాటు జరగవచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కథ అంతటితో ముగియలేదు. 2017లో కొత్తగా మధుమేహం బయటపడినవాళ్లకు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి, వాళ్ల పేగు బ్యాక్టీరియా ఎలా మారుతుందో పరిశీలించారు. మారిన బ్యాక్టీరియాను బ్యాక్టీరియా లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటిలో చక్కెర అదుపు మెరుగైంది. అంటే ఆ మాత్ర చేసే మేలులో కొంత భాగం పేగు బ్యాక్టీరియా ద్వారానే జరుగుతూ ఉండవచ్చు. మన ఇళ్లలో ఎంతోమంది రోజూ వేసుకునే మాత్ర అది. మొదట్లో కొందరికి కడుపుబ్బరం, విరేచనాలు రావడం మనకు తెలిసిన సంగతే. అలాంటప్పుడు సొంతంగా మానేయకుండా డాక్టరుతో మాట్లాడితే మోతాదు నెమ్మదిగా పెంచడం, నిదానంగా కరిగే రకానికి మార్చడం వంటి మార్గాలున్నాయి.

మనుషుల్లో కారణానికి దగ్గరగా వెళ్లిన సాక్ష్యం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది. 2012లో మాక్స్ న్యూడార్ప్ బృందం, మధుమేహపు అంచున ఉన్న 18 మంది పురుషులను తీసుకుని కొందరికి సన్నగా ఉన్న దాతల మలం నుంచి తీసిన బ్యాక్టీరియాను, మిగతావారికి వాళ్ల సొంత బ్యాక్టీరియానే తిరిగి ఎక్కించింది. ఆరు వారాలకు మొదటి బృందంలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. ఆశ కలిగించే ఫలితమే. కానీ అదే పరిశోధకులు ఇంకొంచెం పెద్ద బృందంతో మళ్లీ చేసి 2017లో ప్రచురించినప్పుడు, 18 వారాలు గడిచేసరికి ఆ మేలు మిగల్లేదు. బరువైతే రెండుసార్లూ తగ్గలేదు. కారణంలో బ్యాక్టీరియా వాటా ఉందని ఇది చెబుతోంది. వాటిని మారిస్తే జబ్బు పోతుందని మాత్రం చెప్పడం లేదు.

పీచుతో చేసిన పరీక్ష ఇంకొంచెం గట్టిది. చైనాకు చెందిన జావో లిపింగ్ బృందం 2018లో 43 మంది మధుమేహ రోగులను రెండుగా విడదీసింది. అందరికీ అకార్బోస్ అనే మందు ఇస్తూనే, ఒక బృందానికి తృణధాన్యాలు, పప్పులు, మూలికా ఆహారాలతో రకరకాల పీచు ఎక్కువగా పెట్టింది. 12 వారాల తర్వాత మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) ఏడు శాతం లోపుకు వచ్చినవాళ్లు ఆ బృందంలో 89 శాతం, రెండో బృందంలో 50 శాతం. పీచును తిని పెరిగిన 15 జాతులను కూడా వాళ్లు గుర్తించారు. సంఖ్య చిన్నదే. అయినా మందు, ఆహారం, బ్యాక్టీరియా, రోగి చక్కెర నాలుగూ ఒకే పరీక్షలో కలిసి కనిపించాయి.

మళ్లీ గుండె దగ్గరికి

గుడ్లతో మొదలైన టీఎంఏఓ సంగతి పూర్తిచేయాలి. గుడ్డు పచ్చసొనలో కోలిన్, వేటమాంసంలోనూ గొడ్డుమాంసంలోనూ కార్నిటిన్ ఎక్కువ. కొన్ని పేగు బ్యాక్టీరియా వీటిని ట్రైమిథైలమీన్ అనే వాయువుగా మారుస్తాయి. కోలిన్‌ను ఇలా మార్చే జన్యువులను 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎమిలీ బాల్‌స్కస్ బృందం గుర్తించింది. ఆ వాయువు కాలేయానికి చేరితే అక్కడి ఒక ఎంజైము దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించినవాళ్ల ఒంటి నుంచి, చెమట నుంచి కుళ్లిన చేపల వాసన వస్తుంది.

స్టాన్లీ హేజెన్ నాయకత్వంలోని క్లీవ్‌లాండ్ బృందం ఈ పదార్థం గుండెకు చేటని 2011 నుంచి వరుసగా చూపిస్తూ వచ్చింది. యాంజియోగ్రామ్ చేయించుకున్న 4,007 మందిని మూడేళ్లు గమనిస్తే, టీఎంఏఓ అత్యధికంగా ఉన్న నాలుగో వంతు మందికి, అత్యల్పంగా ఉన్నవాళ్లతో పోలిస్తే గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు రెండున్నర రెట్లు. 2016లో అదే బృందం ఇంకో విషయం చెప్పింది. టీఎంఏఓ రక్తంలోని ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి, గడ్డలు త్వరగా కట్టేలా చేస్తుంది. వాళ్లు కొన్నేళ్లుగా పాలు, గుడ్లు కూడా ముట్టని ఒక పూర్తి శాకాహారిని ఒప్పించి ఒక పెద్ద మాంసం ముక్క తినిపించారు. అతని రక్తంలో టీఎంఏఓ దాదాపు పెరగలేదు. రోజూ మాంసం తినేవాళ్ల పేగుల్లో మాంసానికి అలవాటుపడిన బ్యాక్టీరియా ఉంటాయి, అతని పేగుల్లో లేవు.

ఇంతవరకు వింటే కేసు తేలిపోయినట్టే ఉంది. ప్రతివాదన కూడా వినాలి. సముద్రపు చేపల్లో టీఎంఏఓ నేరుగానే ఉంటుంది. చేపలు తిన్నవెంటనే రక్తంలో అది గుడ్లు, మాంసం తిన్నప్పటికంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది. అయినా చేపలు తినేవాళ్లకు గుండెజబ్బులు ఎక్కువ రావు. ఇంకో చిక్కు మూత్రపిండాలది. టీఎంఏఓను బయటికి పంపేది అవే. వాటి పనితీరు కొంచెం మందగించినా రక్తంలో అది పేరుకుంటుంది. మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రపిండాల జబ్బు గుండెను దెబ్బతీస్తుంది. మరి టీఎంఏఓ గుండెపోటుకు కారణమా, మూత్రపిండాలు అలసిపోయాయని చెప్పే గుర్తా? 2019లో జన్యు సమాచారం ఆధారంగా దీన్ని పరీక్షించారు. పుట్టుకతోనే టీఎంఏఓ కాస్త ఎక్కువ ఉండేలా చేసే జన్యువులున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువ రావడం లేదు. అదే సమయంలో మధుమేహం, మూత్రపిండాల జబ్బు టీఎంఏఓను పెంచుతున్నాయనడానికి ఆధారం దొరికింది. నా మటుకు ఇప్పటి స్థితి ఇది: గుండెజబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లలో, మూత్రపిండాలు బలహీనపడినవాళ్లలో టీఎంఏఓ కీడు చేస్తూ ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాని కోసం రోజుకో గుడ్డుకు భయపడాల్సిన ఆధారం లేదు.

హేజెన్ బృందమే 2020లో ఫినైలఅసిటైల్‌గ్లుటమిన్ అనే మరో పదార్థాన్ని ముందుకు తెచ్చింది. మాంసకృత్తుల్లోని ఒక అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు అది పుడుతుంది. కణాల మీద అడ్రినలిన్ హార్మోను అంటుకునే గ్రాహకాలకే ఇదీ అంటుకుంటుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు అడ్డుకునేది కూడా ఆ గ్రాహకాలనే. ఇక 2025లో స్పెయిన్ జాతీయ హృద్రోగ పరిశోధన కేంద్రం ప్రచురించిన పని నాకు చాలా ఆసక్తి కలిగించింది. ఇమిడజోల్ ప్రొపియొనేట్ అనే పదార్థాన్ని బ్యాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేస్తాయి. ఇన్సులిన్ సంకేతాలను ఇది చెడగొడుతుందని 2018లోనే తెలిసింది. ఇప్పుడు, ఏ లక్షణాలూ లేకుండానే ధమనుల్లో కొవ్వు పేరుకోవడం మొదలైనవాళ్ల రక్తంలో ఇది ఎక్కువగా ఉందని కనుగొన్నారు. ఎలుకలకు దీన్ని ఇస్తే కొలెస్ట్రాల్ పెరగకుండానే ధమనులు పూడుకోవడం మొదలైంది. అది అంటుకునే గ్రాహకాన్ని అడ్డుకుంటే ఆగింది. గుర్తుగా కనిపించినది, కారణమని ప్రయోగంలో తేలినది, ఆపగలిగినది మూడూ ఒకే పదార్థం కావడం అరుదు. మనుషుల్లో దాన్ని అడ్డుకుని గుండెపోట్లు తగ్గుతాయేమో చూసే పరీక్ష జరగాలి. అప్పటివరకు ఇదీ విచారణలో ఉన్న కేసే.

క్రమం గురించి ఒక మాట. 1,241 మంది ఐరోపావాసులను పరిశీలించిన మెటాకార్డిస్ అధ్యయనం 2022లో ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టింది. గుండెజబ్బు ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియాలోనూ వాటి ఉత్పత్తుల్లోనూ కనిపించే తేడాల్లో దాదాపు మూడొంతులు, గుండెజబ్బు ఇంకా రాని స్థూలకాయులూ మధుమేహులలోనే ఉన్నాయి. పేగుల్లో మార్పు గుండెపోటుకు ఏళ్ల ముందే మొదలవుతోందన్నమాట.

మన పళ్లెం, మన పేగులు

పై లెక్కలన్నీ అమెరికా, ఐరోపా, చైనా దేశాలవి. మన పేగులు వాటిలా ఉండవు. భోపాల్‌లోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2019లో భోపాల్, కేరళ ప్రాంతాలకు చెందిన 110 మంది ఆరోగ్యవంతులను పరిశీలించారు. పప్పులు, రొట్టెల మీద బతికే భోపాల్‌వాసుల్లో ప్రీవొటెల్లా అనే జాతి రాజ్యమేలుతోంది. చేపలూ మాంసమూ అన్నమూ తినే కేరళవాసుల్లో వేరే జాతులు కలగలిసి ఉన్నాయి. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నప్పుడు, కాలిఫోర్నియా కొలతలతో అనంతపురం మనిషి పేగు ‘స్కోరు’ చెప్పడంలో అర్థం లేదు. మలం పంపితే మంచి బ్యాక్టీరియా ఎంత, చెడ్డది ఎంత అని రంగుల పట్టిక ఇచ్చే పరీక్షలకు డబ్బు పెట్టవద్దు. గుండెజబ్బు, మధుమేహం విషయంలో ఆ ఫలితాన్ని బట్టి డాక్టరు మార్చగలిగే చికిత్స ఇప్పటికి ఏదీ లేదు.

పీచు సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా న్యూజిలాండ్ పరిశోధకులు 185 దీర్ఘకాలిక అధ్యయనాలను, 58 చికిత్సా పరీక్షలను కలిపి 2019లో ప్రచురించారు. పీచు ఎక్కువ తినేవాళ్లలో గుండెజబ్బు మరణాలు, మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం తక్కువ. రోజుకు 25 నుంచి 29 గ్రాములు తింటే మేలు స్పష్టంగా కనిపించింది. బ్యాక్టీరియా గురించి ఒక్క ముక్క తెలియకపోయినా ఈ సలహా నిలబడుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు చూస్తే మన చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. 100 గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో, సజ్జల్లో 11 గ్రాముల పైచిలుకు. కందిపప్పులో 9, పొట్టుతో ఉన్న పెసల్లో 17, శనగల్లో 25. కంచం నిండా తెల్లన్నం, దానిమీద పలచటి చారు, అంచున చెంచాడు కూర పెట్టుకుంటే పెద్దపేగు దాకా చేరేది దాదాపు ఏమీ ఉండదు. రాయలసీమలో రాగిసంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, సజ్జరొట్టె ఒకప్పుడు నిత్యాహారం. రూపాయికీ రెండు రూపాయలకీ బియ్యం వచ్చాక ఆకలి తీరింది, అది చిన్న విజయం కాదు. కానీ ఆ మార్పులో పీచు పోయింది. రోజుకు ఒక పూట జొన్న లేదా రాగి, గుప్పెడు ఉడికించిన శనగలో పెసలో అలసందలో, అన్నంతో సమానంగా గోంగూర, తోటకూర, బెండ, చిక్కుడు వంటివి ఉంటే 25 గ్రాములు సులువుగా అందుతాయి. ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, ఆకుకూరలు పెంచేముందు డాక్టరును అడగాలి, పొటాషియం వాళ్లకు ప్రమాదం కావచ్చు.

పులిసిన ఆహారం గురించి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో 36 మందితో చిన్న పరీక్ష చేసింది. పెరుగు, కిమ్చీ వంటివి పది వారాలు ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో రకరకాల జాతులు పెరిగాయి, వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. మనకు పెరుగు, మజ్జిగ ఉన్నాయి. తరవాణి, అంబలి కూడా ఉన్నాయి. ఇడ్లీపిండిని పొంగించేది బ్యాక్టీరియాయే, కానీ ఆవిరిమీద ఉడికేసరికి అవి చనిపోతాయి. కనుక ఇడ్లీ నుంచి బతికున్న బ్యాక్టీరియాను ఆశించకూడదు. ఆవకాయను కూడా పులిసిన ఆహారంగా చెప్పడం ఈమధ్య చూస్తున్నాను. అది నిలవ ఉండేది ఉప్పు, నూనె, కారాల బలంతో. ఆ ఉప్పే సమస్య. 2017లో జర్మన్ పరిశోధకులు కొద్దిమంది ఆరోగ్యవంతులైన పురుషులకు రెండు వారాలు రోజుకు 6 గ్రాముల ఉప్పు అదనంగా ఇస్తే, పేగుల్లోని లాక్టోబాసిల్లస్ జాతులు తగ్గిపోయి, రక్తపోటు పెరిగింది. బీపీ ఉన్నవాళ్లు పచ్చడిని పేగుల కోసమని తినవద్దు, రుచికోసం కొంచెం తింటే తినండి.

మందుల విషయంలో రెండు హెచ్చరికలు. గుండె వైఫల్యానికి ఇచ్చే డిగాక్సిన్‌ను ఎగర్థెల్లా లెంటా అనే పేగు బ్యాక్టీరియా పనికిరాకుండా చేయగలదని చాలాకాలంగా తెలుసు. పదిమందిలో ఒకరిలో ఇది గణనీయంగా జరుగుతుంది. అలాంటివాళ్లు యాంటీబయాటిక్ వేసుకుంటే ఆ బ్యాక్టీరియా చచ్చి, అదే మోతాదు డిగాక్సిన్ ఒక్కసారిగా విషస్థాయికి చేరవచ్చు. కనుక డిగాక్సిన్ వాడేవాళ్లకు జ్వరమో దగ్గో వస్తే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోకూడదు, గుండె డాక్టరుకు చెప్పే వేసుకోవాలి. రెండోది ప్రోబయాటిక్ గుళికల గురించి. 2018లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన పరీక్షలో, యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ఆ గుళికలు వేసుకున్నవాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడానికి, ఏమీ వేసుకోనివాళ్లకంటే ఎక్కువ కాలం పట్టింది. పోయినవాటిని పూడ్చడానికని ఇచ్చేవి అసలువాటికే అడ్డుపడ్డాయి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ వంటివి ప్రాణాలు నిలుపుతాయని వేలాదిమందితో జరిగిన పరీక్షల్లో తేలింది. పేగు బ్యాక్టీరియాను మార్చే ఏ పొడికీ, ఏ గుళికకూ గుండెపోటును ఆపినట్టు అలాంటి పరీక్ష ఒక్కటీ లేదు. పేగులు బాగు చేసుకుంటున్నాం కదా అని ఆ మాత్రలు మానేసే ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఈరోజే వాళ్లతో కూర్చుని మాట్లాడండి.